మోటారు కాలితే బాకీ ఎవరిది?

"నీ చేతిలో పాడైంది, డబ్బు నువ్వే కట్టు." ఉద్యోగంలో చేరాక మనలో ఎవరికైనా ఈ మాట ఎదురుకావచ్చు. దీనికి జవాబు చట్టంలో ఉంది, మన మెషీన్స్ సబ్జెక్టులో కూడా ఉంది. మా మామ వ్యవహారం తీసుకుని చెప్తాను.

మామ విడవలూరు వైపు రొయ్యల గుంటల మీద పనిచేసేవాడు. మానేసిన వారానికి ఓనర్ ఫోన్ చేశాడు. మామ రాత్రి డ్యూటీలో రెండు ఏరియేటర్ మోటార్లు కాలాయి కాబట్టి కొత్తవాటికి 36,000 రూపాయలు కట్టాలన్నాడు. ఆగిన జీతం పోను మిగతాదానికి ప్రోనోటు రాయమన్నాడు.

ముందు చట్టం చూద్దాం. 2019 నాటి వేతనాల కోడ్ 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చింది. వస్తువు పాడైందని జీతం కోయాలంటే మూడు షరతులున్నాయి.

1. ఆ వస్తువును స్పష్టంగా అతని సంరక్షణకు అప్పగించి ఉండాలి.
2. నష్టం నేరుగా అతని నిర్లక్ష్యం వల్లే జరిగి ఉండాలి.
3. కోతకు ముందే సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి.

కోత అసలు నష్టాన్ని మించకూడదు. రాజీనామా చేసినవాళ్లకు రెండు పనిదినాల్లో జీతం ఇచ్చేయాలి. అక్రమంగా కోస్తే మూడేళ్లలోపు అర్జీ పెట్టుకోవచ్చు. అప్రెంటిస్ చట్టం కింద చేరినవాళ్లకు మాత్రం ఈ కోడ్ వర్తించదు.

రెండో షరతులోని "నేరుగా" దగ్గరే మన చదువు అక్కరకొస్తుంది. త్రీ ఫేజ్ మోటారు తిరుగుతుండగా ఒక ఫేజ్ పోతే, మిగతావి ఎక్కువ కరెంటు లాగి వైండింగ్ వేడెక్కుతుంది. స్టార్ కనెక్షన్‌లో రెండు ఫేజుల కాయిల్స్ మాడి, మూడోది బాగుంటుంది. డెల్టాలో ఒక ఫేజ్ కాయిల్స్ మాడతాయి. ఓవర్‌లోడ్ అయితే మూడూ ఒకేలా నల్లబడతాయి. అంటే మోటారు విప్పి చూస్తే కారణం చాలావరకు తెలిసిపోతుంది.

రాత్రిళ్లు గుంటలో ఆక్సిజన్ పడిపోతుంది. ఏరియేటర్లు ఆపితే రొయ్యలు చస్తాయి. అందుకే తెల్లార్లూ తిప్పమన్నది ఓనరే. ఫేజ్ పోతే మోటారును ఆపే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ స్టార్టర్‌లో లేదు. అది పెట్టించడం కాపలా మనిషి పనా?

మామ చేత స్పీడ్ పోస్టులో జాబు రాయించాను. "బాకీ ఒప్పుకోవడం లేదు. మోటార్లు నాకు అప్పగించినట్టు కాగితం చూపండి. వైండింగ్ షాపులో నా ఎదుట విప్పించండి. రీవైండింగ్‌తో బాగయ్యేవాటికి కొత్తవాటి ధర ఎందుకు వేశారో చెప్పండి. నా జీతం ఇవ్వండి." ఇంతే రాశాం. తిట్లు లేవు, బతిమాలడం లేదు.

అన్నిటికన్నా ముఖ్యం ప్రోనోటు. జీతంలో అక్రమ కోత లేదని నిరూపించుకోవాల్సింది యజమాని. ప్రోనోటు మీద సంతకం పెడితే మాత్రం 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం ప్రకారం, డబ్బు ముట్టిందనే కోర్టు మొదట అనుకుంటుంది. కాదని చూపాల్సిన బరువు మన నెత్తిన పడుతుంది. "ఊరికే సంతకమే కదా" అన్నా పెట్టొద్దు.

మోటార్లు విప్పారు. రెండింటిలోనూ రెండేసి ఫేజులు మాడాయి, మూడోది చెక్కుచెదరలేదు. ఆ ఫోటోలు జతచేసి కార్మిక శాఖకు అర్జీ ఇచ్చాం. జీతం ఇంకా రావాలి. ప్రోనోటు ఊసు మాత్రం ఓనర్ మళ్లీ ఎత్తలేదు.