పగిలిన చెయ్యి పంటకూ చేటే – సెరమైడ్ గురించి నాలుగు మాటలు



పోయిన పంటలో మా షెడ్డులో ఒక పొరపాటు చేశాం. చేతులు పగిలి, బ్లీచింగ్ నీళ్లలో పెడితే మంట తట్టుకోలేక, రెండు మూడు పూటలు ఉత్త నీళ్లతో కడుక్కుని మేత వేశాం. నాలుగో జ్వరం లేచాక పాలరోగం కనబడింది. అదొక్కటే కారణం అనము. కానీ చెయ్యి బాగుంటేనే శుభ్రత సాగుతుందని బుద్ధొచ్చింది.

మన చర్మం పైపొర ఇటుక గోడ లాంటిది. చచ్చిన కణాలు ఇటుకలు. వాటి మధ్య గచ్చులా ఉండేది కొవ్వు. అందులో సుమారు సగం సెరమైడ్, మిగతాది ఎక్కువగా కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు. గచ్చు గట్టిగా ఉంటే లోపలి తడి ఆరిపోదు, బయటి ఘాటు లోపలికి దిగదు.

మనం 100 లీటర్ల నీళ్లకు 2 కిలోల బ్లీచింగ్ పౌడరు, 300 గ్రాముల చల్లార్చిన సున్నం కలుపుతాం. అది గట్టి క్షారం. చర్మానికేమో కాస్త పులుపు గుణం, పీహెచ్ 5 దగ్గర ఉండాలి. అప్పుడే ఒళ్లు తన సెరమైడ్ తాను సరిగ్గా తయారు చేసుకుంటుంది. క్షారం, బట్టల సబ్బు రోజూ తగిలితే గచ్చు రాలిపోతుంది.

మందుల షాపులో క్రీము కొనేటప్పుడు వెనక చూడండి: సెరమైడ్ ఎన్‌పీ, ఏపీ, ఈఓపీ అని ఉంటుంది. పేరు జాబితాలో కిందెక్కడో ఉన్నా మోసం కాదు, అది వేసేదే కొంచెం. కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు కూడా కలిసుంటే మేలు. సెంటు వాసన లేనిదే తీసుకోండి. అంత డబ్బు పెట్టలేకపోతే ఉత్త పెట్రోలియం జెల్లీ అయినా తడి ఆరకుండా కాపాడుతుంది.

పాటించాల్సినవి:
1. బ్లీచింగ్ కలిపేటప్పుడు, కొట్టేటప్పుడు రబ్బరు గ్లౌజులు తప్పనిసరి.
2. రాత్రి చివరి మేత అయ్యాక మంచి నీళ్లతో కడిగి, అద్ది, కాస్త తడి ఉండగానే క్రీము రాయండి.
3. పొద్దున చేతులు బాగా కడిగాకే ఆకు ముట్టండి. క్రీము ఆకుకు అంటకూడదు.
4. చీము, రక్తం వస్తుంటే క్రీముతో సరిపెట్టకండి, చర్మం డాక్టరుకు చూపించండి.

ఆకు కోసే కూలి అక్కలకూ ఈ మాట చెప్పండి. మన పంట వాళ్ల చేతుల్లోనే ఉంది.