రక్తపరీక్ష కాగితమును చదువుట: హెపటైటిస్ బి విషయమున కొన్ని చిక్కులు

ఖైరతాబాదునుండి పంజాగుట్టమీదుగా అమీరుపేటకు పోవువారికి నిమ్స్ వైద్యశాలయు, రక్తపరీక్షాలయముల పలకలును కనుపించుచుండును. అట్టి పరీక్షాలయమున రక్తమిచ్చి కాగితము పుచ్చుకొన్నవాడు ముందుగా వెదకునది ‘పాజిటివ్’ అను మాటనే. అది దేనికెదుట వ్రాయబడినదో చూడడు. కామెర్లను, కాలేయరోగమును కలిగించు హెపటైటిస్ బి విషయమున ఈ తొందర మిక్కిలి హాని చేయును. ఏలయన ఇందు ఒక పాజిటివ్ భయహేతువు, మఱియొకటి సంతోషహేతువు.

ఈ వైరసును రేగుపండుతో పోల్చి చెప్పెదను. పండునకు పైని తొక్కయు లోపల గింజయు గలవు గదా. తొక్కలోని పదార్థమునకు హెచ్.బి.ఎస్. యాంటిజన్ అని పేరు. దీనిని బ్లంబర్గ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఒక ఆస్ట్రేలియా ఆదిమవాసి రక్తమున గుర్తించి 1965లో ప్రకటించెను. 1976లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. ఈ తొక్క రక్తమున కనబడినచో సాధారణముగా వైరసు దేహమున నున్నదని యర్థము. ఆఱు మాసములు దాటియు నిలిచినచో అది దీర్ఘవ్యాధి. తొక్కను ఎదిరించుటకు దేహము పుట్టించుకొను రక్షకపదార్థము వేఱు. అది మిల్లీలీటరునకు 10 మిల్లీ అంతర్జాతీయ యూనిట్లు, లేక అంతకు మించి యున్నచో రక్షణ కలదని తలంతురు. గింజను ఎదిరించు రక్షకము మూడవది. అది యున్నచో ఎన్నడో నిజమైన వైరసు దేహమున జొచ్చినదని యూహింపవలెను.

టీకామందులో తొక్కయే కాని గింజ లేదు. మన హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ వారు 1997లో ఈస్టు కణములచేత ఈ తొక్కనే చేయించి, స్వదేశపు టీకాను విక్రయమునకు దెచ్చిరి. కావున టీకా పొందినవానికి తొక్కరక్షకము మాత్రమే యుండును. వ్యాధి వచ్చి నయమైనవానికి సాధారణముగా రెండు రక్షకములును ఉండును.

ఇంతవఱకు సుగమమే. ఇక చిక్కులు.

ఒక బాలునికి సోమవారమున టీకా వేయించి, గురువారమున మఱియేదో కారణముచేత రక్తపరీక్ష చేయించిరనుకొందము. తొక్క పాజిటివ్ అని వచ్చినది. తల్లి యేడ్చును, ఇంట వానికి వేఱు పళ్లెము, వేఱు గ్లాసు ఏర్పడును. కాని అక్కడ కనబడినది టీకాలోని తొక్కయే కావచ్చును. అట్లు టీకా తరువాత పదునెనిమిది దినములవఱకు కనబడిన సందర్భములు వైద్యులు వ్రాసియున్నారు. కొన్ని వారములు ఆగి మఱల పరీక్షించిన సంశయము తీరును. వేఱు పళ్లెము మాట యందురా, వ్యాధి నిజముగా నున్నను అది యనవసరమే. ఈ వైరసు సహపంక్తి భోజనముచేత అంటదు. రక్తముచేతను, స్త్రీపురుష సంగమముచేతను, ప్రసవసమయమున తల్లినుండి బిడ్డకును అంటును. గల్ఫు దేశములకు కూలికి పోగోరు మన తెలుగువారికి ఈ పరీక్షయే జీవనోపాధిని నిర్ణయించును గనుక, టీకా వేయించుకొన్న తేదీని వైద్యునితో చెప్పుట మఱవరాదు.

అన్నింటికంటె కఠినమైనది గింజరక్షకము మాత్రమే పాజిటివ్‌గా వచ్చుట. తొక్క లేదు, తొక్కరక్షకమును లేదు. దీనికి అర్థములు పెక్కు. పూర్వమెన్నడో వ్యాధి వచ్చి పోగా, తొక్కరక్షకము క్రమముగా క్షీణించి యుండవచ్చును. లేదా ఇటీవలి వ్యాధిలో తొక్క మాయమై, దాని రక్షకము ఇంకను పుట్టని నడిమి కాలము కావచ్చును, ఐ.జి.ఎమ్. అను తొలిజాతి గింజరక్షకమును పరీక్షించిన ఇది తేలును. పరీక్షయే పొరబడి యుండవచ్చును. లేక వైరసు స్వల్పముగా దాగియుండవచ్చును. అప్పుడు దాని డి.ఎన్.ఏ.ను వెదకవలయును. ఈ భేదము పండితుల వినోదము కాదు. కాలేయకణములలో వైరసు బీజము చిరకాలము నిద్రించును. క్యాన్సరు మందులవంటివి దేహబలమును తగ్గించినప్పుడు అది మేల్కొని ప్రాణాపాయము తేగలదు. అందుచేతనే అట్టి చికిత్సకు ముందు వైద్యులు ఈ గింజరక్షకమును అడిగి పరీక్షింతురు.

తొక్కయు, దాని రక్షకమును ఒక్కటిగా కనబడుటయు కలదు. శత్రువు, కావలివాడు ఒకే గదిలో నున్నట్లు! వైరసు తన తొక్కను కొంచెము మార్చుకొన్నచో పాత రక్షకము దానిని పట్టజాలదు. ఇటలీలో టీకా పొందిన యొక శిశువునందు ఇట్టి మార్పును కనుగొని 1990లో ప్రకటించిరి. ఇట్టివానిని వ్యాధిగ్రస్తునిగానే యెంచి, వైరసు పరిమాణమును కొలువవలెను.

శిశువుల సంగతి వేఱు. తల్లి గింజరక్షకము బిడ్డ రక్తములోనికి దిగి, రెండేండ్లవఱకును కనబడవచ్చును. అది బిడ్డ వ్యాధికి గుర్తు కాదు. అట్టి తల్లికి పుట్టిన బిడ్డను తొమ్మిది మాసములు నిండి, టీకాలు పూర్తియైన పిమ్మట, తొక్కకును తొక్కరక్షకమునకును పరీక్షింతురు. పసితనమున అంటినచో నూటికి తొంబదిమందిలో ఈ వ్యాధి జన్మాంతము నిలుచును గాన, మొదటి టీకా పుట్టిన యిరువదినాలుగు గంటలలోనే వేయవలసియున్నది.