ఆటగాని విలువలో అన్యుల వాటా

ఫుట్‌బాల్ ఆటగాడు క్లబ్బు మారునప్పుడు కొత్త క్లబ్బు పాతదానికి చెల్లించు సొమ్మును మనము బదిలీ రుసుము అందుము. అందులో వాటాను ముందుగానే కొన్న మదుపుదారునికి ఆటగాడు అమ్ముడుపోయిననే లాభము. జట్టు గెలుపుతో గాని, ఆటగాని ఇష్టముతో గాని అతనికి పనిలేదు. 2006లో అర్జెంటీనా క్రీడాకారులు టెవెజ్, మస్చెరానో లండనులోని వెస్ట్‌హామ్ క్లబ్బులో చేరిరి. వారి ఆర్థిక హక్కులు మాత్రము బయటి కంపెనీల చేతిలోనే ఉండెను. ఆ ఒప్పందములను దాచినందుకు 2007 ఏప్రిల్‌లో క్లబ్బుకు 55 లక్షల పౌండ్ల జరిమానా పడెను. పాయింట్లు కోయలేదు! మే 13న టెవెజ్ గోలుతోనే వెస్ట్‌హామ్ మాంచెస్టర్ యునైటెడ్‌ను ఓడించి ప్రీమియర్ లీగులో నిలిచెను. ఏ పాపమెరుగని షెఫీల్డ్ యునైటెడ్ దిగువ శ్రేణికి జారెను. ఫిఫా ఈ పద్ధతిని 2015 మే 1 నుండి నిషేధించినది. పాత ఒప్పందములు మాత్రము గడువు తీరువరకు సాగినవి.