రాగం వినిపించింది, మాట వినిపించిందా?

ఏ ఊరికి బదిలీ అయినా పిల్లలచేత ఒక త్యాగరాజ కీర్తన పాడించడం మాకు అలవాటు. ఇంతకు ముందు పనిచేసిన ఒక ఊళ్లో మా విద్యార్థిని పెద్ద హాలులో శ్రుతి తప్పకుండా పాడింది. అయినా వెనక వరుసలో కూర్చున్న వాళ్లమ్మ, "రాగం వినిపించిందండీ, మాటలే తెలియలేదు" అన్నారు. పాప ముఖం చిన్నబోయింది. తప్పు పాపది కాదు, హాలుది.

గోడలకూ కప్పుకూ తగిలిన ధ్వని పదే పదే తిరిగి వచ్చి కాసేపు నిలిచిపోవడమే ప్రతినాదం. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని ఒక ఉపన్యాస మందిరంలో మాటలు అర్థం కాకపోతే, వాలెస్ సబైన్ అనే యువ ఆచార్యుడు కుర్చీల మెత్తలు తెచ్చి పరిచి, ప్రతినాదం ఎంత తగ్గుతుందో కొలిచారు. హాలు పెద్దదైతే ప్రతినాదం పెరుగుతుందనీ, మెత్తలు, తెరలు, మనుషులు ధ్వనిని పీల్చుకుంటే తగ్గుతుందనీ తేల్చారు. ఆ లెక్కతోనే బోస్టన్ సింఫనీ హాలు కట్టారు. అది 1900లో తెరుచుకుంది. సింఫనీకి సుమారు 2 సెకన్ల ప్రతినాదం అందం. మాటకు ఒక సెకను లోపే మేలు.

మన కీర్తనకు రాగమూ కావాలి, మాటా కావాలి. 'అటు', 'అట్టు' పలికి చూడండి. ద్విత్వం దగ్గర నాలుక ఒక్క క్షణం ఆగుతుంది. ఆ చిన్న నిశ్శబ్దమే అర్థాన్ని మారుస్తుంది. ప్రతినాదం ఎక్కువైతే ఆ నిశ్శబ్దం పూడిపోతుంది.

హైదరాబాదు వేదికలను ఈ దృష్టితో పోల్చుదాం. ఠాగూర్ శతజయంతి ఏడాది 1961లో ప్రారంభమైన రవీంద్రభారతి నాటకం, నృత్యం, కచేరీ అన్నిటికీ వేదిక. మాదాపూర్ శిల్పకళావేదికలో సుమారు 2,500 మంది కూర్చోవచ్చు. అక్కడ మైకు లేనిదే కచేరీ లేదు. చిక్కడపల్లి త్యాగరాయ గానసభ చిన్నది; గాయకుడి పెదవుల కదలిక కూడా కనిపిస్తుంది. ఉత్సవానికి పెద్దది, సాహిత్యం వినడానికి చిన్నది అని మా అభిప్రాయం.

మన భిలాయిలోనూ సివిక్ సెంటర్‌లో కళామందిర్ ఉంది. ఉక్కు కర్మాగారంలో పనికి వచ్చిన తెలుగు కుటుంబాల పిల్లలు మీరు. ఇంట్లో తప్ప తెలుగు వినిపించని చోట, పాటలోని ఒక్కో అక్షరమూ విలువైనదే.

చేసి చూడండి: ఖాళీ హాలులో ఒకసారి చప్పట్లు కొట్టి, ధ్వని ఎంతసేపు నిలిచిందో గమనించండి. హాలు నిండాక మళ్లీ కొట్టండి. తేడా రాయండి. ధ్వని ఎక్కువసేపు నిలిస్తే కాలం తగ్గించి పాడండి, మైకు శబ్దం తగ్గించండి. ఈసారి వెనక వరుసలోని అమ్మకు మాట కూడా అందాలి.