నొప్పి కోసం ఎదురుచూడకండి

"మిరప కోతలో పొద్దంతా వంగి లేచే ఒంటికి గుండెజబ్బేంటండీ?" చర్ల, దుమ్ముగూడెం వైపు ఈ మాట ధీమాగా అంటారు. ముందు ఆ ధీమా వదలండి. భద్రాచలం దాటి గోదావరి దిగువకు పారే ఉభయ గోదావరి జిల్లాల్లో, 45 పల్లెల్లో, 2003-04లో ఏడాదిపాటు ప్రతి చావుకూ కారణం వెతికారు. నూటికి 32 గుండె, రక్తనాళాల జబ్బులవే. అక్కడివాళ్లూ పొలం పనుల మనుషులే.

బీపీ, షుగర్, పొగ రక్తనాళం లోపలి పొరను దెబ్బతీస్తాయి. అక్కడ కొలెస్ట్రాల్ చేరి, ఏళ్ల తరబడి గట్టిపడి పూడికవుతుంది. కొరియా యుద్ధంలో చనిపోయిన 300 మంది అమెరికన్ సైనికుల గుండెలను పరీక్షిస్తే, నాలుగింట మూడొంతుల మందిలో ఆ ఆనవాళ్లు అప్పటికే ఉన్నాయి. వాళ్ల సగటు వయసు 22! నాళం 70 శాతం దాకా మూసుకుంటే గానీ చాలామందికి ఆయాసమైనా తెలియదు. అంతకంటే చిన్న పూడికైనా సరే, చిట్లిందంటే దానిమీద రక్తం గడ్డకట్టి నిమిషాల్లో దారి మూసేస్తుంది. గుండెలో అయితే గుండెపోటు, మెదడులో అయితే పక్షవాతం.

కాబట్టి ముప్పై దాటిన ప్రతి ఒక్కరూ ఏడాదికోసారి ఆరోగ్య కేంద్రంలో బీపీ, షుగర్ చూపించుకోండి. మందులు రాస్తే, ఒళ్లు తేలిగ్గా ఉందని మధ్యలో ఆపకండి. ఇక బీడీ. మండుటెండలో తునికాకు తెంపి, 50 ఆకుల చొప్పున కట్టలు కట్టే కష్టానికి చేతులెత్తి మొక్కుతాను. ఆకు అమ్ముకోండి, బీడీ మాత్రం ముట్టించకండి. మానేసిన ఏడాదికే, పొగ వల్ల పెరిగిన గుండెజబ్బు ముప్పు దాదాపు సగానికి దిగుతుంది.

ఛాతీ మధ్యలో ఎవరో నొక్కేసినట్టుండి, నొప్పి చేతికో దవడకో పాకి చెమటలు పడితే, గ్యాసేలెమ్మని సోడా తాగి పడుకోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. నాళాన్ని తెరిచే క్యాథ్ ల్యాబ్ ఖమ్మం ప్రభుత్వాసుపత్రికి 2022లో వచ్చింది. కానీ భద్రాచలం నుంచి ఖమ్మం వంద కిలోమీటర్ల పైమాటే. చర్ల వాళ్లకు భద్రాచలం చేరడానికే యాభై దాటుతుంది. అందుకే ముందు దగ్గర్లో ఈసీజీ తీసే ఆసుపత్రికి వెళ్లండి. గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఎంత తొందరగా పడితే గుండె కండరం అంత మిగులుతుంది. మీ గూడెంలో అర్ధరాత్రి ఎవరి ఆటో కదులుతుంది? ఫోన్ సిగ్నల్ ఎక్కడ అందుతుంది? ఈ వారమే ఇంట్లోవాళ్లతో కూర్చుని తేల్చుకోండి. ఆ డ్రైవర్ నంబరు పిల్లలకు కూడా కనబడేలా గోడమీద రాసిపెట్టండి.