కొలిచే చేతిలోనే పొరపాటు ఉంటే?

మన హాస్టల్ వంటగదిలో వంకాయలు తరగగానే ముక్కల్ని ఉప్పునీళ్లలో వేయడం మీరు చూసే ఉంటారు. గాలి తగిలితే అవి నల్లబడతాయి. ఇది ఒక రకమైన ఆక్సీకరణం. ఆక్సీకరణం మన కణాల్లోని డి.ఎన్.ఎ.లో కూడా నిత్యం జరుగుతూ ఉంటుంది.

డి.ఎన్.ఎ.లోని నాలుగు క్షారాలలో గ్వానిన్ అన్నిటికంటే తేలికగా ఆక్సీకరణం చెందుతుంది. కణశ్వాసక్రియలోనూ, రేడియేషన్ వల్లా, పొగాకు పొగ వల్లా పుట్టే ఫ్రీ రాడికల్స్ దానిని 8-ఆక్సోగ్వానిన్‌గా మార్చగలవు. ఈ మార్పును 1984లో జపాన్ శాస్త్రవేత్తలు కసాయ్, నిషిమురా వెల్లడించారు. మామూలు గ్వానిన్ సైటోసిన్‌తో జత కడుతుంది. చెడిన గ్వానిన్ అడినిన్‌తో కూడా జత కట్టగలదు. అప్పుడు జన్యు సమాచారంలో ఒక అక్షరమే మారిపోతుంది. ఇలాంటి తప్పులు పోగైతే క్యాన్సర్‌కు దారితీయవచ్చు. చెడిన క్షారాలను కత్తిరించి తీసే ఎంజైములు కణంలోనే ఉండడం మన అదృష్టం. ఈ తరహా మరమ్మతును వివరించిన టోమస్ లిండాల్ 2015లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిని మరో ఇద్దరితో పంచుకున్నారు.

మరి ఈ నష్టాన్ని కొలిచేదెలా? ముందుగా కణాల నుంచి డి.ఎన్.ఎ.ను వేరుచేస్తారు. ఎంజైములతో దానిని న్యూక్లియోసైడులుగా విడగొడతారు. క్రొమటోగ్రఫీ ద్వారా వాటిని వేరుపరచి, మాస్ స్పెక్ట్రోమీటరుతో గుర్తిస్తారు. డీఆక్సీగ్వానోసిన్ అణుభారం సుమారు 267, చెడినదాని అణుభారం 283. తేడా 16, అంటే ఒక ఆక్సిజన్ పరమాణువు భారం.

చిక్కంతా మొదటి మెట్టులోనే ఉంది. డి.ఎన్.ఎ.ను వేరుచేసేటప్పుడే గాలి, ఇనుప అయాన్ల వల్ల మంచి గ్వానిన్ కూడా చెడుతుంది. వంకాయను తరిగి గాలికి వదిలేసి, ‘లోపలే నల్లగా ఉంది’ అన్నట్లు! అందుకే ఒక్కో ప్రయోగశాల లెక్కకూ వందల రెట్లు తేడా వచ్చింది. ఐరోపా ప్రయోగశాలలు కొన్ని 1997లో ‘ఎస్కాడ్’ అనే సంఘంగా ఏర్పడి, ఒకే నమూనాలను పంచుకుని కొలిచి చూశాయి. ఆరోగ్యవంతుల కణాల్లో పది లక్షల గ్వానిన్లకు చెడినవి కొద్ది మాత్రమేనని, పాత పెద్ద అంకెల్లో చాలా భాగం కొలిచేవారి చేతిలో పుట్టినదేనని తేలింది. ఇప్పుడు ఇనుమును పట్టి ఉంచే డెస్‌ఫెర్రియాక్సమిన్ వంటి రసాయనాలు కలిపి జాగ్రత్త పడుతున్నారు.

ఇంటర్ ప్రాక్టికల్స్‌లో నా టైట్రేషన్ రీడింగు కలవకపోతే, పక్కవాడి రికార్డు చూసి దిద్దుకున్నవాణ్ణే నేను. మార్కులు వచ్చాయి గానీ, నా తప్పు ఎక్కడుందో ఈనాటికీ తెలియదు. మీరు మాత్రం అంకెను దిద్దకండి. బ్యూరెట్ కడిగి, మళ్లీ కొలవండి.