ముప్పై వేలలో నీ చేతికి వచ్చేదెంత?

తెనాలి

చిరంజీవి స్రవంతికి బాబాయి ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఆఫర్ లెటర్ చదివాను. ఏడాదికి 3,60,000 అంటే నెలకు ముప్పై వేలు కదా, హైదరాబాద్‌లో ఒక్కదాన్నే ఉంటే సరిపోతాయా అని అడిగావు. ట్రెజరీలో ఉద్యోగమంతా జీతాల బిల్లులు చూసినవాణ్ణి గనక ముందు అంకెలే చెబుతాను. నీ చేతికి వచ్చేది ముప్పై వేలు కాదమ్మా.

చివరి పేజీలో ఉన్న పట్టిక చూడు. కంపెనీ తన వాటాగా కట్టే పీఎఫ్ 1,800, గ్రాట్యుటీ పేరున చూపిన 721, పనితీరును బట్టి ఏడాది చివర ఇస్తామన్న వేరియబుల్ పే నెలకు 2,000 చొప్పున, ఈ మూడూ ఆ ముప్పై వేలలోనే కలిపేశారు. అవి తీసేస్తే 25,479. అందులోంచి నీ వాటా పీఎఫ్ ఇంకో 1,800, తెలంగాణ వృత్తి పన్ను 200 కోస్తారు. మిగిలేది 23,479. ఆదాయపు పన్ను బెంగ నీకు లేదు, కొత్త విధానంలో 12 లక్షల దాకా కట్టాల్సింది ఏమీ ఉండదు. గ్రాట్యుటీ మామూలుగా ఐదేళ్లు పనిచేస్తేగాని రాదు. వేరియబుల్ పే వచ్చిననాడు సంతోషిద్దాం, అందాకా దాన్ని లెక్కలో వేసుకోకు.

పీఎఫ్ కింద కోసింది మాత్రం పోయిన డబ్బు కాదు. కంపెనీ కట్టే 1,800లో 1,250 పెన్షన్ పథకానికి పోగా మిగిలిన 550, నీ 1,800 కలిసి నెలకు 2,350 నీ ఖాతాలో పడుతుంది. 2024-25కి దానిమీద ఇచ్చిన వడ్డీ 8.25 శాతం. ఉద్యోగం మారిన ప్రతిసారీ ఆ డబ్బు తీసి ఫోన్లూ బండ్లూ కొనుక్కునే పిల్లల్ని చూస్తున్నాను. నువ్వు ఆ పని చేయకు. పీఎఫ్ సభ్యులకిచ్చే యూఏఎన్ నంబరు ఉద్యోగం మారినా అదే ఉంటుంది, దానిమీదే కొత్త కంపెనీకి బదిలీ చేయించుకో.

ఇక ఖర్చులు. అమీర్‌పేటలో హాస్టల్ చవకని నీ స్నేహితురాలు చెప్పింది నిజమే కావచ్చు. కానీ నీ ఆఫీసు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఉంది. మెట్రో రాయదుర్గం దగ్గరే ఆగిపోతుంది, అక్కణ్ణుంచి మళ్లీ బస్సో షేర్ ఆటోనో చూసుకోవాలి. అద్దెలో మిగిలింది ఛార్జీలకే పోతుంది, రాత్రి పొద్దుపోయాక దిగితే ఆటో దొరికేదాకా మీ అమ్మకు నిద్ర ఉండదు. గచ్చిబౌలిలో ముగ్గురుండే గది, భోజనంతో 8,500 అన్నావే, అదే నయం. చేరేముందు ఒక పూట అక్కడ తిని చూడు. తిండి బాగోలేని హాస్టల్లో ఉన్నవాళ్లు బయట తిండికి పెట్టే డబ్బుతో ఇంకో గది అద్దె కట్టొచ్చు. నలుగురు కలిసి ఫ్లాట్ తీసుకునే ఆలోచన మొదటి ఏడాది వద్దు. అడ్వాన్సు, గ్యాసు, ఫ్రిజ్జు, మెయింటెనెన్స్ అన్నీ మీద పడతాయి, ఒకమ్మాయి మధ్యలో ఖాళీ చేస్తే ఆమె వాటా కూడా మిగిలినవాళ్లకే తగులుతుంది.

బస్సు ఉచితం కదా అన్నావు. 2023 డిసెంబరు నుంచి అమలులో ఉన్న ఆ పథకం తెలంగాణ నివాసులకు. నీ ఆధార్‌లో ఉన్నది తెనాలి చిరునామా, కండక్టర్ జీరో టికెట్ ఇవ్వడు. చిరునామా మార్చుకుంటే ఇక్కడ మన రాష్ట్రంలో నీకున్న ఉచిత ప్రయాణం పోతుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎక్కడ బస్సెక్కుతావో చూసుకుని నువ్వే తేల్చుకో. ప్రస్తుతానికి ప్రయాణానికి 1,500 వేశాను. ఫోను, సబ్బులూ షాంపూలూ, ఆదివారం బయట తిండి, బట్టలు, మందులు, ఇంటికి వచ్చిపోయే ఛార్జీలు అన్నీ కలిపి మరో 6,050. హాస్టల్‌తో కలిపితే 16,050. చేతిలో 7,429 మిగులుతుంది. కాబట్టి సరిపోతుందా అన్నదానికి జవాబు, సరిపోతుంది. ఒక్క మనిషికి, ఒక్క మనిషిగానే ఉంటే.

అసలు చిక్కు అక్కడే ఉంది. తమ్ముడి ఇంజనీరింగ్ ఫీజుకు నెలకు 8,000 పంపుతానని నాన్నకు మాటిచ్చానని చివర్లో ఒక్క ముక్క రాశావు. మళ్లీ లెక్క వెయ్యి. ప్రతి నెలా 571 లోటు. ఒంట్లో బాగోకపోయినా, ఫోను పగిలినా, స్నేహితురాలి పెళ్లి వచ్చినా ఆ లోటు పెరుగుతుందేగాని తగ్గదు. అది పూడ్చడానికి క్రెడిట్ కార్డు గీకుతావు. మినిమమ్ డ్యూ కట్టి ఊరుకుంటే మిగిలిన బాకీ మీద నెలకు మూడు శాతానికి పైగానే వడ్డీ పడుతుంది. ఇంట్లో చెప్పుకోలేక లోన్ యాప్‌ల దగ్గరికి వెళ్లిన పిల్లల గతి ఏమైందో పేపర్లలో చదువుతూనే ఉన్నాం. నీది మంచి మనసని నాకు తెలుసు. అయినా సొంతంగా నిలదొక్కుకోకముందే ఇల్లంతా నీ భుజాన వేసుకోవడం నాకు ఇష్టం లేదు, అది న్యాయం కూడా కాదు. వాడి చదువుకు బ్యాంకులో విద్యా రుణం ఉంది. నాలుగు లక్షల దాకా తనఖా అడగరు, చదువు పూర్తయ్యాకే వాయిదాలు మొదలవుతాయి. ఉద్యోగం వచ్చాక వాడే కట్టుకుంటాడు.

మొదటి ఏడాది నెలకు 4,000 వేరే బ్యాంకులో రికరింగ్ డిపాజిట్ కట్టు. ఏడాదికి 48,000, నీ మూడు నెలల ఖర్చుకు దాదాపు సరిపడా. ఉద్యోగం పోయినా, మానేయాలనిపించినా నిన్ను నిలబెట్టేది ఆ డబ్బే. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోపాటే పోతుందని కూడా గుర్తుంచుకో. ఆపైన మిగిలిన మూడు వేల చిల్లరలో నాన్నకు పండక్కి పంచె, అమ్మకు చీర కొను, నీకు నచ్చిన కోర్సులో చేరు. వాటికి ఎవరికీ లెక్క చెప్పక్కర్లేదు. ఇంటికి పంపే సంగతి రెండో ఏడాది, జీతం పెరిగాక చూద్దాం.

మొదటి జీతం నెల తిరిగితేగాని రాదు. ఈలోగా హాస్టల్ అడ్వాన్సు, పరుపు, బకెట్టు, ఆఫీసు బట్టలు కావాలి. నీ ఖాతాకు 20,000 పంపుతున్నాను, తిరిగి ఇవ్వక్కర్లేదు. ఆఫర్‌కు ఒప్పుకో. సంతకం పెట్టేముందు ఆ వేరియబుల్ పే ఏ నెలలో ఇస్తారో, మధ్యలో మానేస్తే ఏమవుతుందో హెచ్‌ఆర్ వాళ్లను మెయిల్‌లో అడిగి జవాబు తెప్పించుకో. అన్నయ్యతో ఫీజు సంగతి ఈ ఆదివారం ఇంటికొచ్చి నేనే మాట్లాడతాను, అందాకా నువ్వు ఆ మాట ఎత్తకు.

ఆశీస్సులతో,
మీ బాబాయి